రెడ్ స్టార్ బెల్‌గ్రేడ్ కోచ్‌లు: కప్పు గెలిచినా ఎందుకు ఉండరు?

గోలీ_శీను

నిన్న రాత్రి నిద్ర పట్టక 1991 యూరోపియన్ కప్ ఫైనల్ పాత వీడియో పెట్టుకున్నా, రెడ్ స్టార్ (అప్పటి యుగోస్లావియా, ఇప్పటి సెర్బియా క్లబ్) వర్సెస్ ఫ్రాన్స్ జట్టు మార్సే, ఇటలీలోని బారీలో జరిగింది. 120 నిమిషాలు ఒక్క గోల్ లేదు, నిద్ర మాత్రం బాగా పట్టింది 😄 పొద్దున లేచి ఆ కోచ్ ఎవరా అని వెతికితే ల్యూప్కో పెట్రోవిచ్ అట. ఖండంలోనే పెద్ద కప్పు గెలిచి అదే వేసవిలో క్లబ్ వదిలి వెళ్ళిపోయాడట! అక్కడి నుంచి కోచ్‌ల జాబితా మొత్తం చదివాను. కొన్ని పేర్లు ఆరు నెలలు కూడా లేవు, కొన్ని పేర్లు మూడు సార్లు వస్తున్నాయి, పైగా ఇద్దరు స్టాంకోవిచ్‌లు, ఇద్దరు మిలోయెవిచ్‌లు, తల తిరిగిపోయింది. అందులో మిల్యానిచ్ అనే ఆయన ఒక్కడే ఎనిమిదేళ్ళు ఉన్నాడు. నా డౌట్ ఏంటంటే, ఈ క్లబ్ మొదటి నుంచీ ఇంతేనా, మధ్యలో ఏమైనా జరిగిందా? అసలు అక్కడ కోచ్ అనేవాడికి విలువ ఉందా?

పాత_పేపర్లు

మొదటి నుంచీ ఇంతే కాదు శీను గారూ. 1992కి ముందు ఒక లెక్క, తర్వాత ఇంకో లెక్క.

మిల్యానిచ్ కంటే ముందు మిలోరాడ్ పావిచ్ అని ఒకాయన ఉన్నాడు, 1957 నుంచి 1964 దాకా. 1958 ఫిబ్రవరి 5న మాంచెస్టర్ యునైటెడ్ బెల్‌గ్రేడ్ వచ్చి ఆడింది, ఫస్ట్ హాఫ్ అయ్యేసరికి యునైటెడ్ 3-0 ఆధిక్యంలో ఉంది, చివరికి 3-3. మర్నాడు తిరిగి వెళ్తుంటే మ్యూనిక్‌లో యునైటెడ్ జట్టు విమానం కూలింది. ఆ మ్యాచ్‌లో రెడ్ స్టార్ తరఫున ఆడినవాళ్ళలో షెకులారాత్స్, వ్లాదిత్సా పోపోవిచ్ ఉన్నారు. ముప్పై ఏళ్ళు దాటాక ఇదే క్లబ్‌కి ఒకరి తర్వాత ఒకరు కోచ్‌లయ్యారు (మధ్యలో ల్యూప్కో ఒక్కడు). మీ జాబితాలో ఉన్న చాలామంది ఇలా లోపలి మనుషులే, ఒకప్పటి ఆటగాళ్ళే.

మిల్యాన్ మిల్యానిచ్ కూడా అంతే, అక్కడే ఆడాడు, అక్కడే కుర్రాళ్ళకి నేర్పాడు, 1966లో 36 ఏళ్ళకే పెద్ద జట్టు చేతికిచ్చారు. అప్పటికి జట్టు దారి తప్పి ఉంది. ఆయన పేర్లు చూసి కాదు, కాళ్ళు చూసి జట్టు కట్టాడు. జాయిచ్, అచీమొవిచ్, లాజరెవిచ్, కరాసి, వీళ్ళంతా ఆ కాలం వాళ్ళు. 1968, 69, 70 వరసగా మూడు లీగ్‌లు, మళ్ళీ 1973లో ఒకటి. 1971 యూరోపియన్ కప్ సెమీస్‌లో పానథినాయికోస్‌ని బెల్‌గ్రేడ్‌లో 4-1తో కొట్టి, ఏథెన్స్ వెళ్ళి 0-3తో ఓడి బయటికొచ్చారు. అటు కోచ్ ఎవరో తెలుసా, ఒకప్పటి హంగేరీ స్టార్ పుష్కాష్. ఆ రోజు గెలిచుంటే ఈ క్లబ్ చరిత్రలో 1991 గురించి ఇంత మాట్లాడుకునేవాళ్ళం కాదేమో.

ఇక అసలుది 1973. లివర్‌పూల్‌ని బెల్‌గ్రేడ్‌లో 2-1, వాళ్ళ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో కూడా 2-1. ఆన్‌ఫీల్డ్ మ్యాచ్ నవంబర్ 6న. అప్పటిదాకా ఇంగ్లిష్ జట్లు బంతిని గాల్లోకి లేపి ముందుకు పరిగెత్తడమే ఆట అనుకునేవి. లివర్‌పూల్ కోచ్ షాంక్లీ, ఆయన సహాయకులు ఈ రెండు ఓటముల తర్వాత కూర్చుని, యూరప్‌లో గెలవాలంటే వెనక నుంచి ఓపిగ్గా బంతి ఆడించాలని నిర్ణయించుకున్నారని లివర్‌పూల్ వాళ్ళే చెబుతారు. తర్వాత వాళ్ళు ఎన్ని కప్పులు గెలిచారో మీకు తెలుసు. 1974లో మిల్యానిచ్‌ని రియల్ మాడ్రిడ్ తీసుకుపోయింది, అక్కడ వెళ్ళీ వెళ్ళగానే రెండు లీగ్‌లు గెలిచాడు. కాబట్టి కోచ్‌కి విలువ లేదంటే నేను ఒప్పుకోను.

బెంచి_బాబు

మిల్యానిచ్ గురించి పైన చెప్పిందంతా నిజమే, కానీ 1991 జట్టు సంగతికొస్తే అది కోచ్ కట్టిన జట్టు కాదు బ్రో. ఆఫీసులో కూర్చున్న ఇద్దరు కట్టారు. ఒకరు మిల్యానిచ్ శిష్యుడు జాయిచ్, ఇంకొకరు వ్లదీమిర్ స్వెత్కోవిచ్, ఈయన బాస్కెట్‌బాల్ ఆటగాడు! 1987లో ప్రొసినెచ్కి, 1988లో సవిచెవిచ్, పాంచెవ్, తర్వాత రొమేనియా నుంచి బెలోదెదిచ్ (1986లో స్టెయవాతో ఇదే కప్పు గెలిచినవాడు), చివర్లో మిహాయ్‌లొవిచ్. కొనుక్కుంటూ పోయారు, అందుకు ఏళ్ళు పట్టింది. ఆ మధ్యలో కోచ్‌లు మాత్రం మారుతూనే ఉన్నారు. వాసోవిచ్, ఆయన తర్వాత రెండోసారి బ్రాంకో స్టాంకోవిచ్ (1979లో ఇదే క్లబ్‌ని యూఈఎఫ్ఏ కప్ ఫైనల్‌కి తీసుకెళ్ళినాయన), ఆ తర్వాత షెకులారాత్స్. షెకులారాత్స్ 1990లో లీగ్, కప్పు రెండూ గెలిచాడు, అయినా ఆయన్ని ఉంచలేదు. వండింది నలుగురు, వడ్డించింది ల్యూప్కో.

అలా అని ల్యూప్కోని తీసిపారేయొద్దు. 1989లో వోయ్‌వొదినా లాంటి జట్టుని యుగోస్లావియా చాంపియన్ చేసిన మనిషి. ఇక ఆ ఫైనల్‌లో మిమ్మల్ని నిద్రపుచ్చింది ఆయన ప్లానే 😂 మార్సే దగ్గర పపాన్, వాడిల్, అబెదీ పెలే ఉన్నారు, అందరూ కౌంటర్‌లో దెబ్బ కొట్టేవాళ్ళే. బంతి మన దగ్గరుంటే ఖాళీ వదిలేస్తాం, కాబట్టి దొరికితే తిరిగి వాళ్ళకే ఇచ్చేయండి అని చెప్పాడట, ఈ ముక్క మిహాయ్‌లొవిచ్ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. సెమీస్‌లో బయర్న్‌ని వాళ్ళ ఊళ్ళో 2-1తో కొట్టిన జట్టు, సవిచెవిచ్ ఉన్న జట్టు, ఫైనల్‌లో బంతి వద్దనుకుంది చూడండి. అది కోచ్ మాటే, ఆఫీసు మాట కాదు. షూటౌట్ 5-3. అటు మార్సే బెంచీ మీద స్టోయ్‌కొవిచ్ ఉన్నాడు, అంతకు ముందు ఏడాది దాకా రెడ్ స్టార్ కెప్టెన్. ఎక్స్‌ట్రా టైమ్ చివర్లో దింపారు, పాత క్లబ్ మీద పెనాల్టీ కొట్టనని చెప్పేశాడు.

గోలీ_శీను

అద్భుతం బాబూ, ఆ వీడియో ఇప్పుడు మళ్ళీ చూడాలి. మరి అంత గెలిచాక ల్యూప్కో ఎందుకు వెళ్ళాడు? గొడవా?

బెంచి_బాబు

గొడవ కంటే దేశ పరిస్థితి చూడండి. 1991 మేలో కప్పు, జూన్‌లో స్లొవేనియా, క్రొయేషియా విడిపోతున్నామని ప్రకటించాయి. ల్యూప్కో స్పెయిన్ క్లబ్ ఎస్పన్యోల్‌కి వెళ్ళాడు, ప్రొసినెచ్కి రియల్‌ మాడ్రిడ్‌కి వెళ్ళాడు, ఇంకా కొందరు వెళ్ళారు. మిగిలినవాళ్ళతో వ్లాదిత్సా పోపోవిచ్ డిసెంబర్‌లో టోక్యోలో చిలీ జట్టు కోలో-కోలోని 3-0తో కొట్టి ఇంటర్‌కాంటినెంటల్ కప్ తెచ్చాడు, సవిచెవిచ్‌కి ఫస్ట్ హాఫ్‌లోనే రెడ్ కార్డు వచ్చినా సరే. ఆ సీజన్ యూరప్ హోమ్ మ్యాచ్‌లు సొంతూళ్ళో ఆడనివ్వలేదు, హంగేరీలో, సోఫియాలో ఆడుకున్నారు. 1992 మే 30న ఐక్యరాజ్యసమితి ఆంక్షలు వచ్చిపడ్డాయి, యూరప్ పోటీల నుంచి పూర్తిగా బయట. ఉన్న స్టార్లందరూ ఇటలీ, స్పెయిన్. కోచ్ కుర్చీ ఖాళీ అయ్యేది, నిండేది, అంతే. ల్యూప్కో కూడా తిరిగొచ్చాడు, 1995లో లీగ్, కప్పు గెలిచాడు, ఈసారి చూడటానికి యూరప్ లేదు.

మైదానం_మావయ్య

మీరిద్దరూ 90ల దగ్గరే ఆగిపోయారు, నాకు 2005-2008 ముచ్చట ఇష్టం.

పైన చెప్పిన స్టోయ్‌కొవిచ్ 2005లో క్లబ్ అధ్యక్షుడయ్యాడు. ఇటలీ మాజీ గోల్‌కీపర్ వాల్టర్ జెంగాని కోచ్‌గా తెచ్చాడు, జెంగా లీగ్, కప్పు రెండూ గెలిచి ఏడాదికే వెళ్ళిపోయాడు. తర్వాత దుషాన్ బాయెవిచ్, గ్రీస్‌లో అంత పేరున్న కోచ్, సీజన్ మధ్యలో మార్చిలో దిగిపోయాడు. అసిస్టెంట్ బోష్కో జురోవ్‌స్కి మిగతా సీజన్ నడిపి మళ్ళీ రెండు ట్రోఫీలు తెచ్చాడు. ఆ తర్వాతి సీజన్ 2007-08 చూడండి, లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు, అయినా రెండో స్థానమే! డ్రాలు ఎక్కువైపోయాయి, లీగ్ అదే ఊరి ప్రత్యర్థి పార్టిజాన్ ఎత్తుకుపోయింది. ఓడకుండా టైటిల్ పోగొట్టుకున్న బాధ పగవాడికి కూడా వద్దు.

దాంతో 2008 జూన్‌లో జ్డెనెక్ జెమన్‌ని పిలిచారు. అందరూ ముందుకే పరిగెత్తాలి, వెనక ఎవడున్నాడో దేవుడికే తెలియాలి, అది ఆయన ఆట. నేను ఆయన వీరాభిమానిని, కానీ ఏం చేస్తాం, సైప్రస్ జట్టు అపోయెల్ చేతిలో యూరప్ నుంచి అవుట్, రెండు మ్యాచ్‌లు 2-2, 3-3. లీగ్‌లో పట్టిక అడుగున. సెప్టెంబర్ మొదటి వారంలో ఇంటికి పంపారు. తప్పు జెమన్‌ది కాదు, జెమన్‌ని పిలిచినవాళ్ళది. ఆయన పద్ధతి జట్టుకి ఎక్కాలంటే కొండ మీద పరుగులతో మొదలుపెట్టి నెలలు పడుతుంది, వీళ్ళకి జులైలోనే ఫలితం కావాలి.

పాత_పేపర్లు

మావయ్య గారు చెప్పిన ఆ జులై మాటే శీను గారి ప్రశ్నకి సగం జవాబు. సెర్బియా చాంపియన్‌కి చాంపియన్స్ లీగ్‌లో నేరుగా చోటు దొరికిన ఏళ్ళు చాలా తక్కువ, మిగతా అన్నిసార్లూ జులై, ఆగస్టుల్లో క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు ఆడుకుని లోపలికి వెళ్ళాలి. వెళ్తే వచ్చే డబ్బుతో ఏడాది గడుస్తుంది, లేకపోతే అప్పులు. 2014లో లీగ్ గెలిచి కూడా, అప్పుల వల్లే యూఈఎఫ్ఏ (యూరప్ ఫుట్‌బాల్ సంఘం) వీళ్ళని చాంపియన్స్ లీగ్‌లో ఆడనివ్వలేదు, ఆ చోటు పార్టిజాన్‌కి పోయింది. అంటే కోచ్ పరీక్ష సీజన్ మొదలవకముందే అయిపోతుంది, అది కూడా అమ్ముడుపోయినవాళ్ళ స్థానంలో కొత్తగా వచ్చినవాళ్ళతో.

అన్నట్టు శీను గారూ, మీ జాబితాలో 1975 ప్రాంతంలో మిలోవన్ చిరిచ్ అని ఒక పేరు కనిపించిందా? ఆయనే తర్వాత మన ఇండియా జట్టుకి కోచ్‌గా వచ్చి 1984 ఆసియా కప్‌కి తీసుకెళ్ళాడు. ఇంకా వెనక్కి వెళ్తే, బ్రాంకో స్టాంకోవిచ్ ఉన్న యుగోస్లావియా 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనల్ని 10-1తో ఓడించింది. 1956 మెల్‌బోర్న్ సెమీస్‌లో కూడా వాళ్ళే, ఈసారి 4-1, వాళ్ళ బృందంలో కుర్ర షెకులారాత్స్. రెండుసార్లూ మన కోచ్ హైదరాబాద్ రహీం సాబే. పది గోల్స్ నుంచి నాలుగుకి తగ్గించడం, అది కూడా సెమీస్‌లో, తక్కువ పని కాదు.

గోలీ_శీను

రహీం సాబ్ ఇక్కడ తగులుతాడని అస్సలు అనుకోలేదు! సరే, ఆ ఇద్దరు మిలోయెవిచ్‌ల కథ కూడా ఎవరైనా తేల్చండి.

బెంచి_బాబు

వ్లదాన్, మిలోష్. ఇద్దరూ వేరు.

వ్లదాన్ 2017లో వచ్చాడు. 2018లో ఆస్ట్రియా జట్టు సాల్జ్‌బర్గ్ మీద 2-2తో గట్టెక్కి గ్రూప్ దశకి చేర్చాడు, చాంపియన్స్ లీగ్ అనే పేరొచ్చాక అదే మొదటిసారి. అదే ఏడాది బెల్‌గ్రేడ్‌లో లివర్‌పూల్‌ని 2-0తో కొట్టారు, రెండు గోల్స్ మిలాన్ పావ్కోవ్‌వే. తేదీ నవంబర్ 6, పాత పేపర్లు గారి ఆన్‌ఫీల్డ్ తేదీయే, 45 ఏళ్ళ తర్వాత. 2019 డిసెంబర్‌లో ఆయన వెళ్ళిపోయి దెయాన్ స్టాంకోవిచ్ వచ్చాడు, ఇటలీలో ఇంటర్‌కి ఆడినాయన, బ్రాంకోకి ఏమీ కాడు. వరసగా మూడు లీగ్‌లు. 2020-21లో 38 మ్యాచ్‌లకి 108 పాయింట్లు, ఓటమే లేదు. అంతటివాడు 2022 ఆగస్టులో ఎలా దిగిపోయాడో చూడండి. ఇజ్రాయెల్ జట్టు మక్కాబి హైఫాతో క్వాలిఫయర్, అక్కడ 2-3, బెల్‌గ్రేడ్‌లో 2-1తో ఆధిక్యం, మొత్తం లెక్క సమానం, 90వ నిమిషం. హైఫా ఫ్రీ కిక్, బంతి బాక్సులోకి వచ్చింది, మనవాడి తలకే తగిలి లోపలికి. ఎవరనుకున్నారు? పావ్కోవ్! లివర్‌పూల్ మీద రెండు కొట్టిన అదే పావ్కోవ్. స్టాంకోవిచ్ రాజీనామా.

తర్వాత మిలోష్ మిలోయెవిచ్ వచ్చి లీగ్, కప్పు రెండూ గెలిచి 2023లో వెళ్ళిపోయాడు. ఆయన స్థానంలో ఎవరిని తెచ్చారంటే బరాక్ బఖర్‌ని. ఆ రోజు హైఫా కోచ్ ఆయనే.

మైదానం_మావయ్య

బఖర్ కూడా డిసెంబర్ దాటలేదు కదా. ఆయన వెళ్ళిపోయాక మళ్ళీ వ్లదానే వచ్చి 2024, 2025 లీగ్‌లు గెలిచాడు. ఎవరేమన్నా జెమన్‌కి ఒక్క సీజన్ పూర్తిగా ఇచ్చి ఉండాల్సింది, నేను అదే అంటాను.

బెంచి_బాబు

ఇచ్చి ఉంటే సెకండ్ డివిజన్‌లో ఉండేవాళ్ళు మావయ్యా 🙏