సొంతంగా కట్టుకున్న విమానం మబ్బులోకి ఎందుకు వెళ్లకూడదు?

బైరాగిపట్టెడ టీచరమ్మ:

అందరికీ నమస్కారం. తిరుపతిలో ముప్పై ఏళ్లు ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. విమానాల గురించి నాకు తెలిసింది బెర్నూలీ సూత్రం వరకే.

మా అల్లుడు ఇంగ్లండులో ఉంటాడు. ఆర్‌వీ-7 అనే రెండు సీట్ల విమానం కిట్టు తెచ్చుకుని, ఆరేళ్లు షెడ్డులో కూర్చుని కట్టాడు. మూడేళ్ల కిందట నేను అక్కడున్నప్పుడు రివెట్ల వెనుక ఇనుప దిమ్మ పట్టుకున్నది నేనే. కుడి రెక్కలో నాలుగు వందల రివెట్లైనా నా చేతి మీదుగా వెళ్లినవే.

పోయిన నెల వెళ్తే, సముద్రం దాటించి ఫ్రాన్సులోని లె టూకేలో భోజనం పెట్టిస్తానన్నాడు. నేను పట్టుచీర కట్టుకుని సిద్ధమయ్యాక ఆకాశం వైపు చూసి మానుకున్నాడు. వాన లేదు, గాలి లేదు. కార్తీకమాసంలో మన ఘాట్ రోడ్డు మీదికి దిగే మబ్బులో సగం కూడా లేదు. “మబ్బులో నడిపే రేటింగు, అంటే పైలటుకిచ్చే అర్హత, నీకుంది కదా నాయనా?” అంటే “నాకుంది అత్తయ్యా, విమానానికి లేదు. అమెరికాలో అయితే ఇదే విమానం వెళ్లవచ్చు” అన్నాడు.

ఇది నిజంగా చట్టమా, నన్ను ఎక్కించుకోవడానికి భయపడి చెప్పిన సాకా? సాకేనని మా వారితో వంద రూపాయలు పందెం కాశాను.

రేణిగుంట రన్‌వే:

చట్టమే మేడమ్. ఇంట్లో కట్టిన విమానాలు ఐఎఫ్‌ఆర్‌లో, అంటే పరికరాల ఆధారంగా ఎగరడానికి ఐరోపా విమాన భద్రతా సంస్థ ఒప్పుకోదు. ఐరోపా అంతటా నిషేధం. వంద ఇచ్చేయండి.

కట్టమంచి వాసి:

వంద రూపాయల సంగతి సరే, కారణం మాత్రం అది కాదు. బ్రిటన్‌లో చిన్న విమానాల పరికరాలు బాగుచేసే పని చాలా ఏళ్లు చేసి, ఇప్పుడు చిత్తూరు దగ్గర మామిడి తోట చూసుకుంటున్నాను. ఈ ప్రశ్న హ్యాంగర్‌లో వారానికి ఒకసారైనా వినేవాడిని.

ఐరోపా సంస్థ ఒప్పుకోకపోవడం కాదు, వీటి జోలికే రాదు. నిర్మాణ పనిలో కనీసం 51 శాతం ఔత్సాహికులు, వ్యాపార ఉద్దేశం లేకుండా, సొంతానికి చేసుకున్న విమానాలను ఐరోపా యూనియన్ తన 2018/1139 నిబంధన మొదటి అనుబంధంలో చేర్చి, ఆయా దేశాలకే వదిలేసింది. అంతకు ముందున్న 2008 నిబంధనలో అది రెండో అనుబంధం. అందుకే పాతవాళ్లు ఇప్పటికీ వీటిని ‘అనెక్స్ టూ’ విమానాలనే అంటారు. కాబట్టి ఐరోపా అంతటికీ ఒకే నిషేధమంటూ లేదు, దేశానికొక పద్ధతి ఉంది. పైగా 2020 చివరితో బ్రిటన్ ఆ సంస్థ నుంచే బయటికి వచ్చేసింది.

టీచరమ్మగారూ, మీ అల్లుడు చెప్పిన మాట అక్షరాలా నిజం. హెవీ లైసెన్సు ఉన్నవాడు ఎక్కినంత మాత్రాన ఆటో బస్సు అయిపోదు కదా. కంపెనీ విమానానికి విమానయోగ్యత ధ్రువపత్రం ఉంటుంది. 1944 నాటి షికాగో ఒప్పందంలోని 33వ అధికరణం ప్రకారం, అంతర్జాతీయ ప్రమాణాలకు తగ్గ ఆ పత్రాన్ని మిగతా దేశాలు గుర్తించాలి. మీ విమానానికి ఉండేది ఆ దేశం ఎగరడానికిచ్చే పర్మిట్ మాత్రమే. దానితో వచ్చే షరతుల కాగితంలో మామూలుగా ‘పగలు, వీఎఫ్‌ఆర్ మాత్రమే’ అని ఉంటుంది. అంటే బయటికి చూస్తూ, మబ్బుకు ఎడంగా నడపాలి.

దాన్ని మార్పించుకోవచ్చు. అక్కడి లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఒక్కొక్క విమానాన్నీ విడిగా పరిశీలించి రాత్రికీ, ఐఎఫ్‌ఆర్‌కూ అనుమతి ఇప్పిస్తుంది. రాత్రి సంగతి ఇక్కడెందుకంటే, 2012 వరకు బ్రిటన్‌లో రాత్రి వీఎఫ్‌ఆర్ అన్నదే లేదు. చీకటి పడ్డాక ఎగిరితే ఐఎఫ్‌ఆర్ కిందే లెక్క.

అమెరికాలో అయితే ఆ షరతుల కాగితంలోనే, నిబంధనలు చెప్పిన పరికరాలు ఉంటే రాత్రి, ఐఎఫ్‌ఆర్ నడపవచ్చని రాసి ఇస్తారు. నాకు ఆ పద్ధతే నచ్చుతుంది. మా పాత యజమాని వింటే కొట్టేవాడు.

రేణిగుంట రన్‌వే:

సరే, అనుబంధం విషయంలో నాదే పొరపాటు. కానీ ఒక సందేహం. ఫ్లయింగ్ క్లబ్బుల కంపెనీ విమానాల్లో ఉండేదీ, ఆర్‌వీలో ఉండేదీ అదే లైకమింగ్ ఇంజను. ఇప్పటి ఆర్‌వీల్లో పైలటు ముందుండే కంప్యూటరు తెరలు ఆ పాత విమానాల్లో కలలో కూడా ఉండవు. మరి దీనికెందుకు ఇన్ని అడ్డంకులు?

కట్టమంచి వాసి:

తెర చూసి మోసపోకండి. ఆ తెర వెనుక తీగలు ఎవరు లాగారన్నదే ప్రశ్న. కంపెనీ ఒక నమూనాను పరీక్షించి, మిగతావన్నీ అచ్చం అలాగే చేస్తుంది. ఒకే కిట్టును పది షెడ్లలో కడితే పది రకాల వైరింగు. ఎర్తు తీగలన్నీ తెచ్చి ఒకే బోల్టుకు బిగించిన విమానాన్ని నా కళ్లతో చూశాను. ఆ ఒక్క బోల్టు వదులైతే రెండు తెరలూ ఒకేసారి నల్లబడతాయి. ఎండలో అయితే కిటికీలోంచి చూసుకుంటూ దిగిపోతారు. మబ్బులో అయితే ఏది పైనో ఏది కిందో తెలియదు, చెవిలోని ద్రవం అబద్ధం చెబుతుంది. అందుకే ఆల్టర్నేటర్ ఆగిపోతే బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, రెండో పరికరానికి వేరే కరెంటు ఉందా అని తవ్వి తవ్వి అడుగుతారు.

ఇంకొకటి మంచు. చలికాలంలో అక్కడి మబ్బులో సున్నా డిగ్రీల కిందికి చల్లబడినా నీరుగానే ఉండే బిందువులు రెక్క తగలగానే గడ్డకడతాయి. వేగం కొలిచే పిటాట్ గొట్టానికి హీటరు లేకపోతే ముందు మూసుకుపోయేది అదే. గాజునార విమానాలకు పిడుగు భయం కూడా ఎక్కువ. మీది అల్యూమినియం, కొంత నయం.

లె టూకే విషయానికొస్తే, పర్మిట్ విమానం ఇంకో దేశంలో దిగాలంటే ఆ దేశం ఒప్పుకోవాలి. ఐరోపా పౌర విమానయాన సమావేశం 1980లో ఒక సిఫారసు చేసింది: ఒక దేశం ఇచ్చిన పర్మిట్‌ను, అందులోని షరతులతోనే, మిగతా సభ్య దేశాలు అంగీకరించాలని. సిఫారసే, చట్టం కాదు. అందుకని బయలుదేరే ముందు అవతలి దేశం ప్రకటించిన షరతులు చదువుకోవలసిందే.

ఇంతకూ మీ అల్లుడి రేటింగు ఏది? ఐఆర్(ఆర్) అనే పరిమిత రేటింగు అయితే అది బ్రిటన్ గగనతలంలోనే చెల్లుతుంది, అక్కడ కూడా ఐఎఫ్‌ఆర్ విమానాలకే కేటాయించిన ‘క్లాస్ ఏ’ గగనతలంలో చెల్లదు. ఫ్రాన్సు వైపు మబ్బు ఉండి ఉంటే, ఎంత గొప్ప విమానం ఇచ్చినా ఆయన వెళ్లకూడదు.

బైరాగిపట్టెడ టీచరమ్మ:

రాత్రి ఫోను చేసి అడిగాను. ఐఆర్(ఆర్) అట. షరతుల కాగితం చదివి వినిపించమంటే వినిపించాడు. మీరన్న వాక్యమే ఉంది. మా వారికి వంద ఇచ్చేశాను, ఆయన దాన్ని ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించారు.

అసోసియేషన్‌కు ఎందుకు రాయలేదని నిలదీస్తే, పిటాట్ గొట్టానికి హీటరు పెట్టనే లేదని అప్పుడు ఒప్పుకున్నాడు. మే నెలలో మళ్లీ వెళ్తున్నాను. హీటరు తీగ రెక్క లోపలి నుంచి లాగాలట, ఆ సందులో పట్టేంత సన్నటి చేయి ఇంట్లో నాది ఒక్కటేనట.