శాట్ 1500, జీపీఏ 3.2: ఏ కాలేజీలకు అప్లై చేయాలి?

సాక్రమెంటో అమ్మ:
మా బాబు పదకొండో గ్రేడ్. ఏదైనా ఇట్టే పట్టేస్తాడు, కాలేజీ ప్రవేశ పరీక్ష శాట్‌లో 1600కి 1500 వచ్చింది. హోమ్‌వర్కులు టైముకి ఇవ్వడు, అందుకే స్కూలు మార్కుల సగటు (జీపీఏ) 4కి 3.2. తొమ్మిదో గ్రేడ్‌లో మరీ తక్కువ. క్లబ్బులు, పోటీలు ఏవీ లేవు. సాయంత్రాలు చెల్లిని చూసుకుంటాడు, అంతే. మావారు పెద్ద పేరున్న కాలేజీలకే అప్లై చేద్దామంటారు. కౌన్సెలరేమో కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్లు చదివి యూనివర్సిటీకి మారే వీలున్న స్థానిక కాలేజీ) గురించి కూడా ఆలోచించమన్నారు. మీరేమంటారు?

ఫ్రీమాంట్ నాన్న:
మీవారి మాటే సబబండి. ఎంఐటీ 2022లో, డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్ 2024లో టెస్టు స్కోరు మళ్లీ తప్పనిసరి అని ప్రకటించాయి. ఇంత స్కోరు తెచ్చుకున్న పిల్లాణ్ణి కమ్యూనిటీ కాలేజీకి పంపడం అన్యాయం.

అడ్మిషన్ల వాలంటీర్:
ఫ్రీమాంట్ గారూ, స్కోరు అడగడం వేరు, స్కోరు చూసి మార్కులు వదిలేయడం వేరు. ఆ కాలేజీలకు అప్లై చేసేవాళ్లలో రెండూ ఉన్న పిల్లలు బోలెడుమంది. 1500 పక్కన 3.2 కనిపిస్తే చదివేవాళ్లకు మొదట వచ్చే అనుమానం, ఈ అబ్బాయి చేయగలిగీ చేయలేదా అని. దానికి అప్లికేషన్‌లో జవాబు ఉండాలి.

అమ్మగారూ, మీరు కాలిఫోర్నియాలో ఉన్నారు కాబట్టి ఇంకో సంగతి. ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలు, అంటే యూసీలు (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా), కాల్ స్టేట్‌లు (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ), అడ్మిషన్‌కి శాట్ చూడనే చూడవు. అయితే యూసీ జీపీఏ లెక్కలోకి తొమ్మిదో గ్రేడ్ మార్కులు రావు. ఆ ఏడాది కోర్సుల్లో కనీసం సి ఉంటే చాలు. పదో గ్రేడ్ నుంచి ఎంత వస్తుందో విడిగా లెక్క వేయండి.

శాట్ ఉపయోగపడేది ప్రైవేటు కాలేజీల్లో, బయటి రాష్ట్రాల్లో. చాలా కాలేజీలు ఏటా తమ అడ్మిషన్ల వివరాలతో ‘కామన్ డేటా సెట్’ అనే పత్రం పెడతాయి. అందులో సి7 పట్టిక చూడండి. మార్కులు, టెస్టు, యాక్టివిటీలు ఒక్కోదానికి ఎంత విలువ ఇస్తారో అక్కడ ఉంటుంది. టెస్టుకి ఎక్కువ, యాక్టివిటీలకి తక్కువ విలువ ఇచ్చేవి వెతకండి. చెల్లిని చూసుకోవడాన్ని ‘అంతే’ అనకండి, దయచేసి. చాలా కాలేజీలకు కలిపి ఒకే అప్లికేషన్‌గా పనికొచ్చే కామన్ యాప్ యాక్టివిటీల్లో కుటుంబ బాధ్యతలకూ చోటుంది. వారానికి ఎన్ని గంటలో కూడా రాయించండి.

ఫ్రీమాంట్ నాన్న:
బయటి రాష్ట్రమంటే ఫీజు మాటేమిటి? అంత కట్టేటప్పుడు పేరున్న చోటే ప్రయత్నించొచ్చు కదా.

అడ్మిషన్ల వాలంటీర్:
ఒకటి రెండు ప్రయత్నించండి, వద్దనను. లిస్టంతా అవే ఉండటం నాకు భయం. ప్రతి కాలేజీ సైట్‌లో, సాయం పోగా మీకు పడే ఖర్చు అంచనా చెప్పే నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ఉంటుంది. పిల్లాడు మనసు పడకముందే మీరు లెక్క చూసుకోండి.

డేవిస్ ట్రాన్స్‌ఫర్:
‘అన్యాయం’ అన్న మాట నన్ను బాధపెట్టింది అంకుల్. నేను కమ్యూనిటీ కాలేజీ నుంచే యూసీ డేవిస్‌కి వచ్చాను, నా హైస్కూల్ మార్కుల ఊసే రాలేదు. ‘ట్యాగ్’ (ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ) ఒప్పందం కింద, వాళ్లు చెప్పిన కోర్సులు, జీపీఏ పూర్తి చేస్తే ఆరు యూసీల్లో ఒకదానిలో సీటు ఖాయం. బర్క్‌లీ, యూసీఎల్‌ఏ, శాన్‌డియాగో అందులో లేవు, కొన్ని మేజర్లకూ (ప్రధాన సబ్జెక్టులకూ) వర్తించదు. కానీ ఆంటీ, హోమ్‌వర్క్ ఇవ్వని అలవాటు ఇక్కడ ఇంకా ప్రమాదం. గుర్తుచేసేవాళ్లు ఉండరు. తమ్ముడు ఎందుకు ఇవ్వడం లేదు? విసుగా, చెల్లి పనితో టైం దొరక్కా? ఆ జవాబుని బట్టే నేనైతే ఏ దారో చెబుతాను.

సాక్రమెంటో అమ్మ:
ఆ ప్రశ్న వాణ్ణి ఎప్పుడూ మామూలుగా అడగలేదమ్మా, తిట్టేటప్పుడే అడిగాం. ఈ వారాంతం కూర్చోబెట్టుకుని అడుగుతాను.