మా టూర్ గ్రూపు నెలాఖరుకు మూతపడుతోంది, అందులో ఉన్నదంతా ఎలా దాచుకోవాలి?

బురుజు వీధి (కర్నూలు)

అందరికీ నమస్కారం. మా ఊర్లో పదేళ్ల పైనుంచి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. పిల్లల్ని తీసుకుని రామోజీ ఫిల్మ్ సిటీకి, వండర్‌లాకు, అప్పుడప్పుడు బెంగళూరు వైపు పోయేవాళ్ల గ్రూపు. రిటైరైన లెక్కల సార్ ఒకాయన పెట్టారు. మొదట నాలుగు కుటుంబాలే. ఇప్పుడు ఆరొందల పైచిలుకు నంబర్లు. వేసవిలో ఒకసారి, దసరా సెలవుల్లో ఒకసారి ఎస్టీబీసీ కాలేజీ గ్రౌండ్ దగ్గర తెల్లవారి నాలుగున్నరకు బస్సు కదిలేది. చద్దెన్నం మూటలతో వచ్చే ముసలోళ్లు, నిద్రమత్తులో పిల్లలు, లైటు కింద నిలబడి రిజిస్టర్‌లో పేర్లకు టిక్కులు కొట్టుకునే సార్.

ఈమధ్య సార్‌కు కంటి ఆపరేషన్ అయింది. దానికి తోడు గ్రూపులో లోన్ యాప్ లింకులు, "సగం ధరకే పార్కు టికెట్లు" అనే దొంగ మెసేజ్‌లు ఎక్కువయ్యాయి. ఒకామె అట్లాంటి లింకు నొక్కి ఆరు వేలు పోగొట్టుకుంది. "నేను పెట్టిన గ్రూపులో మోసపోయిందంటే నాకు నిద్ర పట్టడం లేదమ్మా, నెలాఖరుకు తీసేస్తా" అన్నారు. ఇంకెవరికైనా అప్పజెప్పండి సార్ అంటే ఒప్పుకోలేదు. బతిమాలాం, కోప్పడ్డాం కూడా. వినలేదు.

నా సందేహాలు:
గ్రూపు తీసేస్తే పాత మెసేజ్‌లన్నీ పోతాయా? ఎట్లా దాచుకోవాలి?
పోయిన ట్రిప్పులో మిగిలిన డబ్బు 18,400 సార్ దగ్గరే ఉంది. దాన్ని ఏం చేయడం పద్ధతి?
దసరాకు మా అత్తమ్మ (మోకాళ్ల నొప్పులు), ఇద్దరు పిల్లలతో వెళ్లాలని అనుకున్నాం. ఇన్నేళ్లూ సార్ చెప్పిన సీట్లో కూర్చోవడమే తప్ప ఏ దారిలో పోయామో కూడా చూసుకోలేదు. ఎక్కడికి, ఏ దారిలో పోతే మంచిది?

ఆదోని మొబైల్

అక్కా, నాది ఫోన్ రిపేర్ షాపు. రోజూ ఇదే పని, కాబట్టి వరసగా చెప్తాను.

అడ్మిన్ అందరినీ తీసేసి గ్రూపు మూసినా మీ ఫోన్లో ఉన్న పాత మెసేజ్‌లు పోవు. మీరు డిలీట్ కొట్టేదాకా ఉంటాయి. కానీ ఫోన్ పోతేనో, నీళ్లలో పడితేనో అప్పుడు ఏడవాలి. అందుకని ఇప్పుడే ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, అంటే చాట్‌ను ఒక ఫైలుగా బయటికి తీసుకోండి. గ్రూపు తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, "మోర్"లోకి వెళ్తే "ఎక్స్‌పోర్ట్ చాట్" ఉంటుంది. దాన్ని మీ మెయిల్‌కో డ్రైవ్‌కో పంపుకోవచ్చు.

అసలు తిరకాసు ఇక్కడే. ఫొటోలు, ఆడియోలతో కలిపి తీస్తే చివరి 10,000 మెసేజ్‌లే వస్తాయి. అవి లేకుండా మాటలు మాత్రమే తీస్తే 40,000 దాకా వస్తాయి. ఆరొందల మంది గ్రూపులో పది వేలంటే ఎన్నాళ్లవి? గుడ్ మార్నింగులకే సరిపోతాయి. రెండు రకాలుగానూ తీసి పెట్టుకోండి.

ఇంకోటి. మీరు చేరిన రోజు నుంచి వచ్చినవే మీ ఫోన్లో ఉంటాయి. మొదటి నాలుగు కుటుంబాల్లో ఎవరైనా ఫోన్ మార్చినప్పుడల్లా బ్యాకప్ తెచ్చుకుంటూ వచ్చారేమో కనుక్కోండి. ఉంటే వాళ్ల ఫోనే మీకు బంగారం.

డౌన్‌లోడ్ గుర్తు ఇంకా కనబడే ఫొటోలు మీ ఫోన్లో లేనట్టే. ఎవరూ దించుకోనివి వాట్సాప్ వాళ్ల దగ్గర 30 రోజులే ఉంటాయి. పాతవి కావాలంటే పంపినవాళ్లనే మళ్లీ పంపమనాలి. గ్రూపు ఉండగానే అడగండి, తర్వాత ఎవరి నంబరు ఎవరిదో తెలియదు. ఒకవేళ ఎక్స్‌పోర్ట్ చేయనివ్వకపోతే గ్రూపు సెట్టింగుల్లో "అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ" ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే సార్‌తో చెప్పి తీయించండి.

అనంత పయనం (అనంతపురం)

నాకు ఆర్కుట్ గుర్తొచ్చింది, అప్పట్లో ఫేస్‌బుక్ లాంటి సైటు. కాలేజీ రోజుల్లో బెంగళూరు పార్కులకు పోయే కుర్రాళ్లం అక్కడే కలుసుకునేవాళ్లం. 2014 సెప్టెంబరు 30న మూసేశారు. ముందే చెప్పారు, టైమిచ్చారు. రేపు తీసుకుందాంలే, ఎల్లుండి తీసుకుందాంలే అని ఒక్క పేజీ కూడా తీసుకోలేదు. నెలాఖరు అంటే నెలాఖరు దాకా ఆగొద్దండి.

కానీ ఆదోని తమ్ముడితో ఒక్క విషయంలో నేను ఒప్పుకోను. నలభై వేల మెసేజ్‌లు దాచి ఏం చేస్తారు? మళ్లీ ఎవరు చదువుతారు? టికెట్ ధరలు, టైమింగులు, ఆఫర్లు ఏడాది తిరిగేసరికి పనికిరావు. పనికొచ్చేది ఒక లాంగ్ నోట్‌బుక్‌లో ఇరవై పేజీలకు మించదు. ఎత్తు చూసి టికెట్ ఇచ్చే సంగతి, బట్టల సంగతి, ఎక్కడ దిగాలి, ఎక్కడ తినాలి. అది ఏరుకోండి చాలు.

ఆదోని మొబైల్

అన్నా, ఏరడానికైనా ముందు మూట చేతికి రావాలి కదా. మొత్తం దించుకుని తర్వాత తీరిగ్గా ఏరుకోమంటున్నా.

బురుజు వీధి

ఇద్దరికీ థాంక్స్. ఎక్స్‌పోర్ట్ చేశాను. మాటలు వెనక్కి 2021 దాకా వచ్చాయి. అయితే అసలు సమస్య ఇప్పుడు అర్థమైంది. సార్ టైప్ చేయరు. ఆయన చెప్పిందంతా వాయిస్ మెసేజ్‌లే! టెక్స్ట్ ఫైల్లో ఆయన పేరు, పక్కన "మీడియా లేదు" అని మాత్రమే వస్తోంది. ఎవరో "సార్, గర్భిణి రావచ్చా" అని అడిగారు. సార్ జవాబు: మీడియా లేదు. ఇంకెవరో "బీపీ మాత్రలు లోపలికి తీసుకెళ్లొచ్చా" అన్నారు. మీడియా లేదు. ప్రశ్నలన్నీ ఉన్నాయి, జవాబులు లేవు.

నంద్యాల వదిన

అమ్మాయీ, దీనికి నా దగ్గర మందుంది. మా నాన్న పాడిన తత్వాలు ఇట్లాగే ఆడియోల్లో ఉండిపోతే రెండు నెలలు కూర్చుని రాసుకున్నా.

గ్రూపు పేరు మీద నొక్కి మీడియాలోకి పోతే ఆడియోలన్నీ కనిపిస్తాయి. సార్‌వి ఒక్కొక్కటీ స్టార్ పెట్టుకో. ఫైలు పేర్లోనే తేదీ ఉంటుంది కాబట్టి ఏది ఎప్పటిదో తెలుస్తుంది. ఇయర్‌ఫోన్ ఒక చెవిలో పెట్టుకుని ఒక ముక్క విను, ఆపు, ఇంకో ఫోన్లో తెలుగు కీబోర్డు మైకు నొక్కి అదే మాట నువ్వు నిదానంగా చెప్పు. అది టైప్ చేసేస్తుంది. ఊర్ల పేర్లు మాత్రం ఖూనీ చేస్తుంది, చేత్తో దిద్దుకోవాలి. నాకు "బీచుపల్లి" అంటే ప్రతిసారీ "పిచ్చిపిల్లి" అని రాసింది.

సార్ ఊర్లోనే ఉన్నారు కదా, ఒక ఆదివారం ఇంటికే పోయి కూర్చో. వినిపించి, ఇది ఇప్పటికీ ఇంతేనా సార్ అని అడుగు. కళ్లు సరిగా కనబడకపోయినా చెవులు బాగానే ఉంటాయి.

కడప కారం

ఎవరూ చెప్పని రెండు మాటలు.

ఆ ఎక్స్‌పోర్ట్ ఫైల్లో ఆరొందల మంది పేర్లు, నంబర్లు ఉంటాయి. ఎవరి పిల్లకు మూర్ఛ ఉంది, ఎవరు గర్భిణి అనేవి కూడా ఉంటాయి. దాన్ని ఉన్నదున్నట్టు ఇంకో గ్రూపులో పడేయొద్దు. ఏరి రాసుకున్న నోట్సు మాత్రమే పంచండి, పేర్లు తీసేసి.

ఆ ఆరు వేలు పోగొట్టుకున్న ఆమె ఫిర్యాదు చేసిందా? సైబర్ మోసాలకు 1930 నంబరు ఉంది. ఎంత తొందరగా ఫోన్ చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. గంటలు లెక్క, రోజులు కాదు. పార్కు టికెట్లు పార్కు సొంత యాప్‌లోనో గేటు దగ్గరో తప్ప ఇంకెక్కడా కొనొద్దు.

డబ్బు సంగతికి ఆలోచించే పనే లేదు. రిజిస్టర్ ఉంది కదా, ఆ ట్రిప్పుకు వచ్చినవాళ్ల డబ్బు వాళ్లకు పంచేయండి. తలా మూడొందలో నాలుగొందలో వస్తుంది. సార్‌కు శాలువా కప్పుదాం, ఫంక్షన్ చేద్దాం అని ఎవరైనా అంటే దానికి వేరే వేసుకోండి. దీన్నీ దాన్నీ కలపొద్దు.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు)

నేను ట్రావెల్స్ బండి నడుపుతా. మీ మూడో ప్రశ్నకు జవాబు నా పని.

కర్నూలు నుంచి 44వ జాతీయ రహదారి. తుంగభద్ర దాటగానే పుల్లూరు టోల్, ఫాస్టాగ్‌లో డబ్బు ముందే చూసుకోండి. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతారు. పేరు తెలుగు మైకు ఏం రాసినా అక్కడ ఆంజనేయస్వామికి ఒక దండం పెట్టి పోతాం మేము. ఆపైన కొత్తకోట, జడ్చర్ల, షాద్‌నగర్. హైదరాబాద్ ఊర్లోకి పోవద్దు. శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేయండి. వండర్‌లాకైతే 13వ ఎగ్జిట్, రావిర్యాల. ఫిల్మ్ సిటీకైతే ఇంకా ముందుకు పోయి 11వ ఎగ్జిట్ పెద్ద అంబర్‌పేటలో దిగి విజయవాడ రోడ్డు పట్టాలి. హైదరాబాద్ దాకా రెండొందల పది కిలోమీటర్ల చిల్లర. నాలుగున్నరకు బయల్దేరితే టిఫిన్‌కు ఆగినా గేటు తెరిచే వేళకు ఉంటారు. రెండూ ఒకే రోజు చూస్తామని కొందరు ఎక్కుతారు. కుదరదు, నన్ను తిట్టుకోవద్దు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దామెతో అంటే నా ఓటు ఫిల్మ్ సిటీకే. లోపల వాళ్ల బస్సుల్లోనే తిప్పుతారు, కూర్చుని చూసే షోలు ఉన్నాయి. నడక లేకపోలేదు గానీ మెట్లెక్కి లైన్లో నిలబడే బాధ తక్కువ.

అనంత పయనం

మా అనంతపురం వాళ్లకు మాత్రం బెంగళూరు వండర్‌లా దగ్గర అనిపిస్తుంది. బెంగళూరు రెండొందల పై చిల్లరే. కానీ పార్కు ఉండేది బిడదిలో, అంటే మైసూరు రోడ్డులో, ఊరికి అవతల. మనం హైదరాబాద్ రోడ్డులో ఊరు చేరతాం. ట్రాఫిక్‌లో ఊరు దాటేసరికి పిల్లలకు ఆకలి, పెద్దలకు కోపం. ముందు రోజు రాత్రే పోయి అటువైపు రూమ్ తీసుకోండి.

బురుజు వీధి

పిల్లలేమో వండర్‌లా అంటున్నారు. పెద్దోడు రోలర్ కోస్టర్ వీడియోలు చూసి నిద్రపోవడం లేదు. అత్తమ్మను తీసుకెళ్తే ఇబ్బందా?

నంద్యాల వదిన

తీసుకుపో, కానీ చీర ఒక్కటే నమ్ముకుని పోవద్దు. ఏ పార్కో చెప్పను, ఒకచోట మా పెద్దమ్మ కాటన్ చీరతో నీళ్లలోకి దిగబోతే ఆపేశారు. నీళ్లలోకి నైలాన్ బట్టలైతేనే పోనిస్తారు. అక్కడే కొనుక్కోమన్నారు. పెద్దమ్మ అరవై ఏళ్లలో ప్యాంటు వేసింది లేదు. గంటసేపు బెంచీ మీద కూర్చుని, "నా డబ్బు నాకిచ్చేయమను" అని ఒకటే గొడవ. చివరికి వేసుకుంది. సాయంత్రం ఆరైనా అలల కొలను నుంచి బయటికి రాలేదు, అది వేరే కథ! మన బజార్లో ముందే కొనుక్కుంటే సగం ధర.

పిల్లల ఎత్తు ఇంట్లోనే గోడకు నిలబెట్టి కొలిచి పో. టికెట్‌కు వయసు కాదు, ఎత్తే లెక్క. ఒక్కో రైడ్‌కు కూడా ఇంత ఎత్తుండాలని బోర్డు ఉంటుంది. అక్కడిదాకా పోయి రెండు వేళ్లు తక్కువని ఆపితే వాడి ఏడుపు ఆపలేవు. బీపీ, గుండె జబ్బు, నడుం నొప్పి ఉన్నవాళ్లు పెద్ద రైడ్ల జోలికి పోవద్దు. బయటి తిండి లోపలికి రానివ్వరు. బొరుగులు, నిప్పట్లు, చెనిక్కాయల ముద్దలు బస్సులోనే ఖాళీ చేసేయండి.

బురుజు వీధి

పది రోజుల తర్వాత రాస్తున్నాను. గ్రూపు పోయింది. సార్ ఒక్కొక్కరినీ తీసేస్తూ పోయారట, ఆరొందల మందిని, కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని. నన్ను చివర్లో తీశారు.

అంతకు ముందు రెండు ఆదివారాలు వాళ్లింటికి వెళ్లాను. వదిన చెప్పినట్టే ఇయర్‌ఫోన్ పెట్టుకుని మొత్తం 63 వాయిస్ మెసేజ్‌లు రాశాను. వింటూ వింటూ సార్ కొన్నింటికి "ఇది కొట్టేయమ్మా, ఇప్పుడు అట్లా లేదు" అన్నారు. తొమ్మిది కొట్టేశాం. అనంతపురం అన్న చెప్పింది నిజమే, అచ్చంగా పనికొచ్చేది పద్దెనిమిది పేజీలు తేలింది. పేర్లు తీసేసి జిరాక్స్ తీయించాను. డబ్బు కూడా పంచేశాం, తలా 400. ఇద్దరు వద్దన్నారు, సార్ ఊరుకోలేదు.

ఒక్కటి మాత్రం మిగిలిపోయింది. 41వ మెసేజ్‌లో, జడ్చర్ల దాటాక ఆడవాళ్లకు శుభ్రమైన బాత్రూములున్న హోటల్ పేరు చెప్తున్నారు. సరిగ్గా పేరు దగ్గరకొచ్చేసరికి లారీ హారన్. నాలుగుసార్లు విన్నాం. "నాకూ గుర్తు రావడం లేదమ్మా, ఎడమ పక్కన పెద్ద వేపచెట్టు ఉంటుంది చూడు" అన్నారు సార్. ఎవరికైనా తెలుసా?

తుంగభద్ర ఒడ్డు

తెలుసు. మొన్ననే అటు పోయొచ్చా. వేపచెట్టు ఉంది, హోటల్ తీసేశారు. ఇంకో రెండు కిలోమీటర్లు ముందుకు పోతే అదే పక్కన పెట్రోల్ బంకు వస్తుంది. డీజిల్ కొట్టించకపోయినా ఏమీ అనరు, తాళం చెవి ఆఫీసు కిటికీ దగ్గర అడగండి.