ఇండక్షన్ పొయ్యిలు పెడితే ఈసీబీసీ (భవనాల్లో ఇంధన పొదుపు నియమావళి) కిందికి వస్తామా?

ఒంగోలు కర్నూలు రోడ్డు వైపు మా బావగారు, నేను కలిసి లాడ్జి కడుతున్నాం. కింద హోటల్. ఏసీలు, లిఫ్టు, మోటార్లు కలిపితే లోడు 90 కిలోవాట్లు తేలింది. వంటకి గ్యాస్ బదులు పెద్ద ఇండక్షన్ పొయ్యిలు పెడితే 100 దాటుతుంది. కేంద్రం ఈసీబీసీ 2017 ప్రకారం 100 కిలోవాట్లు, ఆపైన కనెక్టెడ్ లోడు (పెట్టిన కరెంటు పరికరాల మొత్తం సామర్థ్యం) లేదా 120 కేవీఏ, ఆపైన కాంట్రాక్ట్ డిమాండ్ (కరెంటు సంస్థతో ఒప్పుకున్న గరిష్ఠ వాడకం) ఉన్న వాణిజ్య భవనాలకు ఇంధన పొదుపు నిబంధనలు వర్తిస్తాయి. గోడలు, అద్దాలు, పైకప్పు వేడి అన్నీ లెక్కలోకే.

ప్లాన్ గీసినాయన మాత్రం "అదంతా కాగితాల మీదేనండీ" అని కొట్టిపారేస్తున్నాడు. పడమటి గోడ మొత్తం అద్దమే పెట్టాడు, రోహిణి కార్తె ఎండలకి!

నెల్లూరు, ఒంగోలుల్లో ఈమధ్య కట్టినవాళ్లు చెప్పండి: ప్లాన్ అప్రూవల్‌లో లోడు లెక్క అడిగారా? వంటగది లోడు కూడా కలిపారా?