ఫిబ్రవరిలో చాదర్ ట్రెక్: హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లు ముందే ఏం చూసుకోవాలి?

గచ్చిబౌలి_నడక:
అందరికీ నమస్కారం. ఫిబ్రవరి మొదటి వారంలో నలుగురం కలిసి లడఖ్‌లో చాదర్ ట్రెక్‌కి, అంటే చలికాలంలో గడ్డకట్టిన జాంస్కర్ నది మీద నడకకి, వెళ్దామనుకుంటున్నాం. నెయ్రక్ అనే ఊరి దగ్గర గడ్డకట్టిన జలపాతం, దారిలో గుహలు, రాళ్లకు వేలాడే మంచు స్తంభాలు చూడాలని కోరిక. అనంతగిరి, భువనగిరి ఎక్కామంతే, మాలో ఎవరికీ మంచు మీద నడిచిన అలవాటు లేదు. బూట్లు, బట్టలు ఇక్కడే కొనుక్కోవాలా, లేహ్‌లోనా? ఇక్కడ ఉండి ఒంటిని ఎలా సిద్ధం చేసుకోవాలి? కాలి కింద మంచు గట్టిదో కాదో ఎలా తెలుస్తుంది? సెలవు లెక్కగానే ఉంది, రిటర్న్ టికెట్ ఇప్పుడే బుక్ చేసేయొచ్చా?

మంచుబాట:
చాదర్ మీద చలి కన్నా తడితోనే ఎక్కువ ప్రమాదం అండి. రాత్రిళ్లు మైనస్ 20, ఒక్కోసారి అంతకన్నా కిందికి పోయినా ఒళ్లు పొడిగా ఉంటే తట్టుకోవచ్చు. చెమటకో నీళ్లకో తడిస్తే మైనస్ 5 కూడా కష్టమే. కాబట్టి జీన్స్, కాటన్ బనియన్ ఏవీ వద్దు, అవి తడిస్తే అక్కడ ఆరవు. ఒంటికి ఆనుకుని థర్మల్స్, పైన ఫ్లీస్, దాని మీద గాలి ఆపే జాకెట్. డౌన్ జాకెట్ (మెత్తటి ఈకలు కూరినది) ఆగినప్పుడే వేసుకోండి, నడక మొదలుపెట్టే ముందు తీసేయండి. మొదటి పది నిమిషాలు కొంచెం చలేస్తుంటే సరిగ్గా వేసుకున్నట్టు. ఇవన్నీ ఇక్కడే డెకథ్లాన్‌లో దొరుకుతాయి.

గమ్‌బూట్లు మాత్రం లేహ్ మార్కెట్‌లో కొనండి. మీ సైజు కన్నా ఒకటి పెద్దది తీసుకోండి, మందం సాక్సు వేసుకున్నాక కూడా లోపల వేళ్లు ఆడాలి. చలి అని మూడు జతలు కుక్కితే రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. పల్చటి జత ఒకటి, ఉన్నిది ఒకటి చాలు. రబ్బరు చెమటను బయటికి పోనివ్వదు, అందుకే క్యాంపుకు చేరగానే సాక్సు మార్చేయాలి. తడివి స్లీపింగ్ బ్యాగులో పొట్ట దగ్గర పెట్టుకుని పడుకుంటే ఒంటి వేడికి తెల్లారేసరికి చాలావరకు ఆరతాయి. మైక్రోస్పైక్స్ (జారకుండా బూటుకు తొడిగే ఇనుప ముళ్ల పట్టీలు) గమ్‌బూట్ మీద ఎక్కించి చూశాకే కొనండి. మామూలు బూటుకు పట్టేవి గమ్‌బూటుకు బిగుతై మడమ దగ్గర జారిపోతాయి.

వేలి కొస తిమ్మిరెక్కి, తెల్లగా మైనంలా మారి, నొప్పి కూడా తెలియడం లేదంటే ఫ్రాస్ట్‌బైట్, అంటే చలికి చర్మం గడ్డకట్టడం, మొదలైందనుకోండి. రుద్దకండి, మంట దగ్గర పెట్టకండి. తోటివాళ్ల చంకలోనో పొట్ట మీదో ఆనించి మెల్లగా వేడెక్కించాలి, వెంటనే గైడ్‌కి చెప్పాలి.

జాంస్కర్_దారి:
మంచు పొర సంగతి నేను చెప్తా. రంగు, చప్పుడు, నిన్న రాత్రి ఆకాశం చూసి అంచనా వేస్తారు. నీలంగా, అద్దంలా ఉన్నది గట్టిది. తెల్లది గాలి బుడగలతోనో పైన కురిసిన మంచు కలిసో గడ్డకట్టింది, అంతే మందం ఉన్నా బలం తక్కువ. కర్రతో కొడితే డొల్ల చప్పుడు వచ్చిందంటే పొర కింద నీటి మట్టం దిగిపోయి ఖాళీ ఏర్పడిందన్న మాట, అటు పోకండి. ఆకాశం తేటగా ఉన్న రాత్రి వేడంతా పైకి పోయి పొర గట్టిపడుతుంది. మబ్బు పట్టిన రాత్రి అలా జరగదు. కొత్తగా మంచు కురిసినా మంచిది కాదు, అది కింది పొరకు చలి తగలనివ్వదు. ఇవన్నీ తెలిసినా సరే, జాంస్కర్ గైడ్ అడుగు వేసిన చోటే మీరూ వేయాలి. మనిషికీ మనిషికీ కనీసం పదడుగుల దూరం ఉంచండి. అనుమానంగా ఉన్నచోట బ్యాగు నడుం బెల్టు విప్పేయండి, పడితే వదిలించుకోవచ్చు. ఒక పొడి జత బట్టలు పాలిథీన్ కవర్‌లో మూటగట్టి బ్యాగు పైభాగంలోనే ఉంచండి.

నడిచేటప్పుడు మడమ ముందు వేస్తే జారతారు. పాదం మొత్తం ఆనేలా, ఎక్కువ ఎత్తకుండా, చిన్న అడుగులు.

గుహలు మంచువి కావు, ఒడ్డు కొండల్లోని రాతి గుహలు. దారిలో తిబ్ అనే చోట ఉన్నది పెద్దది, ఆ దారిన పోయే జాంస్కర్ వాళ్లు రాత్రిళ్లు అందులో తలదాచుకుంటారు. మీరు చూడాలనుకున్న స్తంభాలు కొండ చీలికల్లోంచి కారే ఊట బొట్టు బొట్టుగా గడ్డకట్టి పెరిగినవి. బొర్రా గుహల్లో సున్నం పేరుకుంటుంది, ఇక్కడ నీరే పేరుకుంటుంది. వాటి కింద నిలబడి ఫొటోలు దిగకండి. ఎండ తగిలాక మొదలు దగ్గర పట్టు వదిలి విరిగిపడతాయి. జలపాతం దగ్గరా అంతే, చూడాలంటే పక్క నుంచి, పొద్దున్నే.

గోల్కొండ_మెట్లు:
ఒంటి సంగతి. చాదర్ చాలావరకు చదును, కాబట్టి మెట్లు ఎక్కడం ఒక్కటే సరిపోదు. జారకుండా పట్టి నడిచేది చీలమండలు, తొడ లోపలి కండరాలు. ఒంటికాలి మీద నిమిషం చొప్పున నిలబడటం, పక్కకు అడుగులేస్తూ గుంజీలు రోజూ చేయండి. దాంతోపాటు 5 కిలోమీటర్లు 40 నిమిషాల్లోపు ఆగకుండా పరుగెత్తగలగాలి.

కానీ ఎత్తుకు ఇక్కడి సాధన ఏదీ పనికిరాదు బ్రో. మన ఊరు సుమారు 540 మీటర్లు, లేహ్ 3,500. విమానంలో ఒక్కపూటలో అంత ఎత్తుకు పోతున్నారు. దిగిన రోజు పూర్తిగా పడుకోండి, తర్వాత రెండు రోజులు లేహ్‌లోనే మెల్లగా తిరగండి. అక్కడ వైద్య పరీక్షలో బీపీ, ఆక్సిజన్ సరిగ్గా ఉంటేనే వెళ్లనిస్తారు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్ర డాక్టర్ని అడిగాకే వేసుకోండి, సల్ఫా మందులు పడనివాళ్లు తప్పకుండా చెప్పాలి. తలనొప్పి, వాంతులతో పాటు నడక తూలుతుంటే ఇక కిందికి దింపాల్సిందే.

రిటర్న్ టికెట్ మార్చుకునే వీలున్నదే తీసుకోండి, కనీసం రెండు రోజులు ఖాళీ ఉంచండి. చలికాలంలో లేహ్ విమానాలు వాతావరణం బాగోక రద్దవుతూనే ఉంటాయి. నది మీది మంచు పొర విరిగితే ట్రెక్కే ఆపేస్తారు.

గచ్చిబౌలి_నడక:
చాలా థ్యాంక్స్ అండి. ఫోన్, కెమెరా సంగతేంటి? నీళ్ల బాటిల్ గడ్డకట్టదా?

మంచుబాట:
మన ప్రీపెయిడ్ సిమ్ లడఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి, అదీ లేహ్ వరకే అనుకోండి. బ్యాటరీలు లోపలి జేబులో, రాత్రి స్లీపింగ్ బ్యాగులో. కెమెరాను టెంట్‌లోకి తెచ్చే ముందు బయటే కవర్‌లో గాలి చొరకుండా మూసేయండి, లేకపోతే వెచ్చటి గాలిలోని తేమ లెన్స్ మీద పేరుకుని తర్వాత గడ్డకడుతుంది. నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి బాటిల్ తలకిందులుగా, ఉన్ని సాక్సులో పెట్టండి. గొట్టంతో తాగే సంచులు వద్దు, గొట్టమే ముందు గడ్డకడుతుంది. థర్మాస్ ఒకటి ఉంటే ఇంకా మంచిది.