క్రొయేషియా తీరం వెంట కారులో వెళ్లాలనుకుంటున్నాం, రూటు చూసి చెప్పండి

కూకట్‌పల్లి_అమ్మాయి:
అందరికీ నమస్కారం. జూలై మొదట్లో నేనూ మా ఆయనా క్రొయేషియా వెళ్తున్నాం. జాగ్రెబ్‌లో దిగి కారు అద్దెకు తీసుకుని, నేరుగా హైవే మీద స్ప్లిట్‌కి, అక్కడి నుంచి డుబ్రోవ్నిక్‌కి, ఒక రోజు పక్క దేశం మాంటెనెగ్రోలో కోటోర్ చూసుకుని, మళ్లీ వెనక్కి స్ప్లిట్ వచ్చి విమానం ఎక్కాలని ప్లాన్. వారం పైన కాస్త టైం ఉంది. ఇద్దరికీ డ్రైవింగ్ వచ్చు, శ్రీశైలం ఘాట్ రోడ్డు అలవాటే, కానీ స్టీరింగ్ ఎడమవైపు ఉన్న బండి ఇద్దరికీ కొత్త. వీసా సింగిల్ ఎంట్రీ. నేను శాకాహారిని. హోటళ్లు ఇంకా బుక్ చెయ్యలేదు, విమానం టికెట్ మార్చుకునే వీలుంది, కాబట్టి మొహమాటం లేకుండా చెప్పండి.

భీమిలి_రోడ్డు:
ముందు ఆ హైవే ఆలోచన మానుకోండి. ఏ1 మంచి రోడ్డే, 130లో పోవచ్చు, కానీ చాలా దూరం కొండల వెనక నుంచి పోతుంది, సముద్రం పెద్దగా కనిపించదు. మీరు వెళ్లేది సముద్రం కోసం కదా. జాగ్రెబ్ నుంచి రియెకా దాకా మాత్రం హైవే మీద వెళ్లి, అక్కడి నుంచి తీరం వెంట పోయే డీ8 రోడ్డు పట్టుకోండి. అక్కడివాళ్లు యాద్రాన్‌స్కా మాజిస్ట్రాలా అనేది దీన్నే. రియెకా నుంచి డుబ్రోవ్నిక్ దాకా దాదాపు 600 కిలోమీటర్లు, ఒక పక్క కొండ, ఒక పక్క నీళ్లు.

ఉత్తరం నుంచి దక్షిణానికే నడపండి, తిరగేసి వద్దు. అక్కడ బళ్లు కుడివైపు నడుస్తాయి కాబట్టి కిందికి వెళ్లేటప్పుడు మీ లేను సముద్రం వైపే ఉంటుంది, ఫొటోకి ఆగాలంటే ఎదురు బళ్లకు అడ్డంగా తిరగక్కర్లేదు, పక్కకి జరిగితే చాలు. పైగా స్టీరింగ్ ఎడమవైపు కదా, పక్క సీట్లో కూర్చున్నవాళ్లకి కిటికీ నిండా సముద్రమే. అందుకే ఇద్దరూ మార్చుకుంటూ నడపండి, ఒక్కరే రోడ్డు చూస్తూ కూర్చోవడం అన్యాయం.

సేన్ నుంచి కార్లోబాగ్ వైపు వెళ్లే ముక్క నాకు అన్నిటికంటే ఇష్టం. పైన వెలెబిట్ కొండలు, కింద నీళ్లు, అవతల చెట్టూ చేమా లేని తెల్లటి రాతి దీవులు. పొద్దున్నే బయల్దేరితే ఎండ కొండ వెనకే ఉండిపోతుంది, రోడ్డంతా నీడ. పెట్రోల్ మాత్రం సేన్‌లోనే పోయించుకోండి. కొండల మీద నుంచి బురా అని ఒక గాలి వీస్తుంది, చలికాలంలో ఎక్కువ, వేసవిలోనూ అప్పుడప్పుడు వస్తుంది, బండిని పక్కకి నెట్టేస్తుంది. గట్టిగా వస్తే రోడ్డే మూసేస్తారు. వాళ్ల ఆటో క్లబ్ హక్ యాప్‌లో పొద్దున ఒకసారి చూసుకుని కదలండి.

రాత్రికి జాదర్‌లో ఆగండి. అక్కడ ఒడ్డున రాతి మెట్ల కింద గొట్టాలు పెట్టారు, 2005లో కట్టింది, అలలు కొట్టినప్పుడల్లా గాలి గొట్టాల్లోంచి వచ్చి మోగుతుంది. సాయంత్రం మెట్ల మీద కూర్చుంటే లేవబుద్ధి కాదు.

స్ప్లిట్‌లో రెండు రాత్రులు ఉండండి. రోమన్ చక్రవర్తి డయొక్లీషియన్ 1,700 ఏళ్ల కిందట కట్టుకున్న కోట అది, ఆ గోడల లోపల ఇప్పటికీ జనం కాపురాలు ఉంటున్నారు, పైన బట్టలు ఆరేసి ఉంటాయి. అక్కడి నుంచి ఒమిష్, మాకర్‌స్కా మీదుగా దిగండి, బియోకోవో కొండ సరిగ్గా నెత్తిమీద ఉన్నట్టుంటుంది.

వీసా_లెక్కలు:
సింగిల్ ఎంట్రీ వీసాతో కోటోర్ వద్దండి. క్రొయేషియా 2023 జనవరి 1 నుంచి షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు) ఉంది, మాంటెనెగ్రో లేదు. అటు దాటితే మీ ఎంట్రీ అయిపోయినట్టే, తిరిగి స్ప్లిట్‌కి రానివ్వరు. ఇంకొకటి కూడా గుర్తుపెట్టుకోండి, డుబ్రోవ్నిక్ దారిలో నెయుం అనే ఊరి దగ్గర బోస్నియా దేశం ముక్క ఒకటి సముద్రం దాకా వస్తుంది, అదీ షెంగెన్ కాదు. అది తగలకుండా ఉండాలనే 2022లో పెల్యెషాట్స్ వంతెన తెరిచారు, 2.4 కిలోమీటర్లు, టోల్ లేదు. జీపీఎస్ నెయుం మీదుగా చూపిస్తే వినొద్దు, వంతెన మీద నుంచే వెళ్లండి.

కూకట్‌పల్లి_అమ్మాయి:
అమ్మో, వీసా సంగతి అసలు తట్టలేదు, చాలా థాంక్స్. కోటోర్ తీసేస్తున్నాం. అయితే డుబ్రోవ్నిక్‌లోనే కారు ఇచ్చేసి అక్కడి నుంచే విమానం ఎక్కితే ఎలా ఉంటుంది? అద్దె కారు విషయంలో ఏం చూసుకోవాలి?

సముద్రం_పిచ్చి:
అదే మంచిది, వేరే ఊళ్లో ఇస్తే అదనంగా తీసుకుంటారు కానీ వెనక్కి డ్రైవ్ చేసే రోజు మిగులుతుంది. ఆర్‌టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇద్దరూ తీసుకోండి, ఇద్దరి పేర్లూ అద్దె కాగితంలో ఉండాలి, లేకపోతే ఇన్సూరెన్స్ వర్తించదు. డిపాజిట్‌కి నడిపేవాళ్ల పేరు మీదే క్రెడిట్ కార్డు అడుగుతారు, డెబిట్ కార్డు చాలామంది ఒప్పుకోరు. ఆటోమేటిక్ కావాలని ముందే బుక్ చెయ్యండి, కొత్త చేతికి గేరు కూడా తోడైతే టెన్షన్. బండి తీసుకున్నప్పుడు చుట్టూ, చక్రాల రిమ్ములతో సహా వీడియో తీయండి. మాకు ఒక కంపెనీ పాత గీతకి డబ్బు కట్టమంది, వీడియో చూపించాకే ఊరుకుంది.

డుబ్రోవ్నిక్ పాత ఊళ్లోకి కార్లు పోవు, బయట పార్కింగ్ ఖరీదు. చేరిన రోజే కారు ఇచ్చేసి బస్సుల్లో తిరగండి. కోట గోడ మీద నడక రెండు కిలోమీటర్లకు కొంచెం తక్కువ, జూలై ఎండలో నీడ ఉండదు, తెరవగానే ఎక్కేయండి. బీచ్‌లు చాలావరకు గులకరాళ్లవి, నీళ్లలో ముళ్లుండే జీవులు కూడా ఉంటాయి, రబ్బరు చెప్పులు కొనుక్కోండి.

దొండకాయ_వేపుడు:
తిండి గురించి ఎవరూ చెప్పలేదు. తీరం అంతా చేపలే, కానీ బ్లిత్వా అని ఆకుకూర, బంగాళాదుంప కలిపి వెల్లుల్లితో చేస్తారు, చాలా చోట్ల దొరుకుతుంది, మనకి నచ్చుతుంది. పిజ్జా ఎక్కడైనా ఉంటుంది. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్లు తీసుకోండి, కొద్దిగా బియ్యం, పప్పు, పచ్చడి పొడి చాలు. నెరెత్వా నది లోయలో రోడ్డు పక్క పళ్ల కొట్లు ఉంటాయి, వంతెన ఎక్కే ముందే వస్తాయి, పుచ్చకాయ కొనుక్కుని వెళ్లండి.

భీమిలి_రోడ్డు:
అదే వంతెన దాటాక స్టోన్ ఊరు వస్తుంది, ఉప్పు మడులు, కొండ మీద పొడుగాటి రాతి గోడ. అక్కడ గంట ఆగే టైం ఉంచుకోండి.