సిగరెట్ తాగే నాన్న నన్ను మానమంటే అది హిపోక్రసీ కాదా?

గోదారిగట్టు:
చెప్పేదొకటి చేసేదొకటి అయితే హిపోక్రసీయే, ఇందులో చర్చేముంది? నాకు పదహారేళ్లప్పుడు మా నాన్న నా వేళ్లు వాసన చూసి బెల్టు తీశాడు. అప్పుడు ఆయన నోట్లో సిగరెట్ వెలుగుతూనే ఉంది.

పాతనిఘంటువు:
అంతమాత్రం చాలదండీ. ఆ మాట గ్రీకు హుపొక్రితేస్ నుంచి వచ్చింది, అంటే నాటకంలో నటుడు. తెలుగు బైబిల్లో మత్తయి సువార్త 23వ అధ్యాయం చూడండి, ఆ మాట ఉన్నచోట 'వేషధారులైన శాస్త్రులారా, పరిసయ్యులారా' అని ఉంటుంది. వేషం ఉంటేనే హిపోక్రసీ. మీ నాన్నగారు తాగనని ఎవరి దగ్గరైనా నటించారా? తాను పాటించలేని మంచిని గట్టిగా మెచ్చుకునేవాణ్ణి హిపోక్రైట్ అనడం అన్యాయమని ఇంగ్లీషు నిఘంటువు రాసిన శామ్యూల్ జాన్సన్ 1750లోనే రాశాడు.

చిన్నక్క:
గ్రీకు ఎవడిక్కావాలి, ఇవాళ జనం ఎలా వాడితే అదే అర్థం.

గోదారిగట్టు:
అదే జాన్సన్ 1775లో, నల్లవాళ్లని బానిసలుగా తోలుకునేవాళ్లే స్వేచ్ఛ కోసం అందరికంటే పెద్దగా అరుస్తున్నారేమని అమెరికన్లని నిలదీశాడుగా! తర్వాత అమెరికా అధ్యక్షుడైన జెఫర్సన్ 1776లో వాళ్ల స్వాతంత్ర్య ప్రకటనలో మనుషులంతా సమానమని రాశాడు, జీవితం మొత్తమ్మీద ఆరు వందల మందికి పైగా బానిసలు ఆయన కింద ఉన్నారు. ఆ సంగతి దాచలేదు కాబట్టి మీ లెక్కన ఆయన మంచోడా?

పాతనిఘంటువు:
జాన్సన్ అక్కడ హిపోక్రసీ అన్న మాట వాడలేదు. మంచోడని నేనెక్కడన్నాను? తప్పు వేరు, ఆ తప్పుకి పేరు వేరు.

గోదారిగట్టు:
పేరు, పేరు! దెబ్బలు తిన్నవాడి దగ్గర నిఘంటువు తెరుస్తారా? అసలు మీకెందుకండీ ఇంత పట్టుదల?

పాతనిఘంటువు:
ఎందుకంటే మా అమ్మాయి నన్ను ఆ మాట అంది కాబట్టి. తను ఫ్రెండ్స్‌తో బీరు తాగిందని తెలిసి, వద్దమ్మా అన్నాను. నాకు ఆ అలవాటుంది, ఇరవై ఏళ్లుగా మానాలని చూస్తున్నా, ఇంట్లో అందరికీ తెలుసు. మానలేనివాణ్ణి కనకే చెప్పాను. దొంగని చూసినట్టు చూసింది.

గోదారిగట్టు:
మీరు కొట్టారా?

పాతనిఘంటువు:
లేదు.

గోదారిగట్టు:
మా నాన్న కొట్టాడు. మానలేనివాడు వద్దని చెప్పొచ్చు, ఒప్పుకుంటా. కొట్టే హక్కు ఎక్కడిది? నా మంట సిగరెట్ గురించి కాదండీ, ఆ బెల్టు గురించి.

వేపచెట్టు:
దాన్ని డబుల్ స్టాండర్డ్ అంటారు. ఒకే పనికి ఆయనకో రూలు, నీకో రూలు.

పాతనిఘంటువు:
అవును, ఆ బెల్టుకి ఆ మాటే సరిపోతుంది. తప్పు ముమ్మాటికీ ఆయనదే.

గోదారిగట్టు:
సరే. జెఫర్సన్‌ని మాత్రం వదలను.